పట్టీకి లొంగని కాలు

ఆఛింగ్ తొడ మీద మూడో కడ్డీ కూడా ఫట్‌మని విరిగిన రోజున, హమెయ్ నవారు మిల్లులో ఆడవాళ్ళంతా మిషన్లు ఆపేసి చప్పట్లు కొట్టారు. విరిగిన ముక్క ఎగిరివెళ్ళి మిల్లు యజమాని కో గారి టీ పళ్ళెంలో పడింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇక ఇనపది పెట్టాలి. అదీ విరుస్తుందేమో ఈవిడ," అన్నాడు.

బల్ల మీద వెల్లకిలా పడుకున్న ఆఛింగ్ తల కాస్త ఎత్తింది. "తెండి తావ్‌కే, చూద్దాం. ఇనుమయితే ఏం, దానికీ నడుముంటుందిగా."

ఆ ఊళ్ళో మిల్లున్న ప్రతివాడినీ తావ్‌కే అనే పిలుస్తారు. ఆ పిలుపులో ఎంత మర్యాద ఉందో ఎంత వెక్కిరింత ఉందో పిలిచే గొంతును బట్టి తెలుసుకోవలసిందే. ఆఛింగ్ గొంతులో రెండూ సమపాళ్ళలో ఉండేవి.

అందరూ నవ్వుతున్నా కో గారి కూతురు షాన్‌రూ మాత్రం నవ్వలేదు. ఆ అమ్మాయి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆఛింగ్ పాదానికి పెన్నులాంటి ఒక మిషన్ ఆనించి, చెవులు రిక్కించి వింటోంది. పాదంలో నాడి ఆడుతున్నంతసేపూ ఆ మిషన్ "షూ... షూ..." అంటూనే ఉంటుంది. తొడకు కట్టిన పట్టీ బిగిసి రక్తం ఆగిపోతే నోరు మూసుకుంటుంది. ఆరోజు అది నోరు మూసుకోలేదు.

వాళ్ళు చేస్తున్న వస్తువు అదే. లారీ కింద పడి కాలు చితికినవాడికి, యంత్రంలో చెయ్యి ఇరుక్కున్నవాడికి, ఆస్పత్రి చేరేలోపు ఒంట్లో రక్తమంతా కారిపోకుండా తొడకో జబ్బకో చుట్టి, దాని మీదున్న కడ్డీ తిప్పి బిగించే పట్టీ. డాక్టర్లు టార్నికే అంటారు. మిల్లు ఆడవాళ్ళకు ఆ పేరు నోరు తిరగక 'తిప్పుడు పట్టీ' అన్నారు. చివరికి షాన్‌రూ కూడా అలాగే అనడం మొదలుపెట్టింది.

నలభై ఏళ్ళుగా బడిపిల్లల సంచులకీ, కొండలెక్కేవాళ్ళ సంచులకీ భుజం పట్టీలు నేసిన మిల్లు అది. షాన్‌రూ థైచూంగ్ నగరంలో చదువు ముగించుకుని వస్తూనే, "మన నవారు సంచుల్ని మోసింది చాలు, ఇక మనిషిని బతికించాలి," అంది. కో గారికి ఆ మాట అర్థం కాలేదు కానీ వినడానికి బాగుందనిపించింది. అంతే, గోదాములో ఒక మూల పాత నూలు కండెలు తీయించేసి, ఒక బల్ల వేయించి, తెర కట్టించాడు. అప్పటినుంచి మిల్లుకు పండగ కళ వచ్చింది. పొద్దున్నే వచ్చిన ప్రతివాళ్ళూ మిషన్ దగ్గరికి వెళ్ళే ముందు తెరలోకి తల పెట్టి, "ఇవాళ ఆగిందా?" అని అడిగేవాళ్ళు.

ఆగనిది ఆఛింగ్ కాలిలోనే.

అసలు పేరు న్యెన్ యుయే-ఛింగ్. సముద్రపు గాలికి చెట్లన్నీ ఒకే పక్కకు వంగి పెరిగే ఫుషింగ్ అనే పల్లెలో, ముల్లంగి పండించే ఇంట్లో పుట్టింది. అక్కడ లావు కాళ్ళను ముల్లంగి కాళ్ళంటారు. ముల్లంగి చేలోంచి వచ్చి ముల్లంగి కాళ్ళతో బడికి వెళితే ఏమవుతుందో వేరే చెప్పాలా? తోటిపిల్లలు వాళ్ళ నాన్నను చూసినప్పుడల్లా, "మామా, ఈ ముల్లంగిని సంతకు తీసుకెళ్ళలేదేం?" అని అడిగేవాళ్ళట. ఆయన పాపం అమాయకుడు, "అది మా అమ్మాయిరా," అని జవాబు చెప్పేవాడట. దాంతో ఇంకా నవ్వేవాళ్ళు.

బళ్ళో తాడులాగుడు జట్టు ఒకటుండేది. ఆ కాళ్ళు ఎందుకు పుట్టాయో కనిపెట్టిన మొదటి మనిషి ఆ జట్టు మాస్టారు. ఆయన ఆఛింగ్‌ను తాడు చిట్టచివర నిలబెట్టాడు. చివరి మనిషి నడుముకు తాడు చుట్టుకుని, తొడలు బిగించి, నేలలోకి పాతేసినట్టు ఉండాలి. ముందున్న ఏడుగురూ జారినా ఆమె జారకూడదు. "తాడు బిగిసిందంటే తొడ బిగించు. ఈల వినబడేదాకా వదలకు. ఊపిరి ఆడకపోయినా వదలకు," అని మాస్టారు రోజూ అరిచేవాడు. ఆఛింగ్ వదిలేది కాదు. అరచేతుల్లో చర్మం తాడుకు అంటుకుపోయినా వదిలేది కాదు. ఆ జట్టు జిల్లా దాటి చాలా దూరం వెళ్ళింది. ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు ఈ వయసులో కూడా ఆమె ముఖం వెలిగిపోయేది.

బడి అయిపోయాక తాడూ అయిపోయింది, కాళ్ళు మిగిలాయి. మిల్లులో కుట్టుమిషన్ ఎక్కింది. అందరూ నిక్కర్లతో పనిచేసే ఎండాకాలంలో కూడా ఆమె నల్లటి వదులు ప్యాంటులోనే ఉండేది. దుకాణానికి వెళ్ళి ప్యాంటు అడిగితే, అమ్మేవాళ్ళు ఆమె ముఖం చూడక ముందే నడుము కింద చూసి "మీ సైజు లేదండీ" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు అడగడం మానేసి తనే కుట్టుకుంది. పెళ్ళి మాత్రం సులువుగానే అయింది. మిల్లు ఎదురుగా, మాంసం కూరిన బావాన్ ఉండలు అమ్మే బండి పెట్టుకున్న హోంగ్ అనే బక్కపలచటి మనిషి, "నా గ్యాస్ సిలిండర్ ఎత్తి పెట్టగలిగితే పెళ్ళి చేసుకుంటా," అన్నాడు. ఆమె ఒక చేత్తో సిలిండర్‌నూ ఇంకో చేత్తో అతన్నీ ఎత్తిందని ఊళ్ళో చెప్పుకుంటారు. హోంగ్ ఇప్పటికీ కాదనడు.

పట్టీ కట్టి చూడటానికి రకరకాల కాళ్ళవాళ్ళు ఏడుగురు కావాలని షాన్‌రూ కొలత టేపు పట్టుకుని మిల్లంతా తిరిగినప్పుడు ఆఛింగ్ మొదట బాత్‌రూములో దాక్కుంది. ఆ పిల్ల వదిలితేగా? తలుపు బయట నిలబడి, "పిన్నీ, సన్నకాళ్ళు సవాలక్ష దొరుకుతాయి. సన్నకాలి మీద ఏ పట్టీ అయినా ఆగుతుంది. నీ కాలి మీద ఆగితేనే అది పట్టీ," అంది. లోపల గొళ్ళెం తీసిన చప్పుడు. తర్వాత తలుపు తెరుచుకుంది. ఆ మర్నాడు ఆఛింగ్ తనే ఒక నిక్కరు కుట్టుకుని వచ్చింది. ఎర్రది. మిల్లులో ఆడవాళ్ళు ఈలలు వేశారు. జన్మలో మొదటిసారి తన కాళ్ళు ఎవరికో కావలసి వచ్చాయి. ఆ సంతోషం ఆమె నడకలోనే తెలిసిపోయేది.

ఇంకో సంగతి. ఆ పట్టీలు కుట్టేది కూడా ఆఛింగే. నవారు మడత పెట్టి, చదరం గీసినట్టు నాలుగు పక్కలా కుట్టి, మధ్యలో ఇంటూ మార్కు వేసే గట్టి కుట్టు ఆమె చేతిదే. కుట్టేదీ ఆమే, కట్టించుకునేదీ ఆమే.

విరిగిన కడ్డీల స్థానంలో లావుపాటి కొత్త కడ్డీ వచ్చింది. అది విరగలేదు. మిల్లు మళ్ళీ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది, ఎందుకంటే ఈసారి వింత జరిగింది. షాన్‌రూ కడ్డీ తిప్పి, కొనను రింగులో దూర్చి, "అయింది" అంది. మిషన్ నోరు మూసుకుంది. అందరూ ఊపిరి బిగబట్టారు. అంతలోనే, పిలవని చుట్టంలా, "షూ..." అని మళ్ళీ మొదలైంది. ఇంకోసారి కట్టారు. మళ్ళీ అంతే. ఆగుతుంది, అయిందనుకోగానే తిరిగొస్తుంది. మిగతా ఆరుగురి కాళ్ళ మీదా అదే పట్టీ రాయిలా నిలబడింది. ఆఛింగ్ కాలి మీద మాత్రం జారిపోతున్నట్టుంది.

నవారు సాగుతోందేమోనని నవారు మార్చారు. బకిల్ జారుతోందేమోనని బకిల్ మార్చారు. కుట్టు వదులవుతోందేమోనన్నాడు కో గారు. ఆఛింగ్ ఆయన్ను ఒక చూపు చూసి, కుట్టిన పట్టీలన్నీ విప్పి మళ్ళీ కుట్టింది. ఆ సాయంత్రం బండి దగ్గర హోంగ్ ఇచ్చిన బావాన్ కూడా ముట్టలేదు. ఆమె బావాన్ వదిలేసిందంటే విషయం ముదిరిందని హోంగ్‌కు అర్థమైంది.

ఇంతలో కబురొచ్చింది. అక్కడ అంబులెన్సులన్నీ అగ్నిమాపక శాఖవే కాబట్టి, ఆ శాఖవాళ్ళు శుక్రవారం మిల్లుకు వచ్చి, తమ కళ్ళ ముందే కాళ్ళకు కట్టించి చూస్తారట. నచ్చితే జిల్లాలో ప్రతి అంబులెన్సులోనూ ఈ పట్టీ ఉంటుంది. మిల్లంతా ఆ వార్త ఒక్కసారిగా గుప్పుమంది. కో గారు గోదాముకు సున్నం వేయించాడు. ఆ తర్వాత ఆఛింగ్‌ను పిలిచి, ఎన్నడూ లేనిది, స్వయంగా టీ పోశాడు. తావ్‌కే టీ పోశాడంటే ఏదో గోతిలో దింపబోతున్నాడని మిల్లులో ఎవరినడిగినా చెబుతారు.

"ఆఛింగ్, శుక్రవారం నువ్వు మిషన్ దగ్గరే ఉండు. నీ కుట్టు చూపిద్దాం వాళ్ళకి," అన్నాడు.

"బల్ల మీదో?"

"ఆరు కాళ్ళున్నాయిగా. చాలు."

"ఏడున్నాయి."

"ఏడోది..." కో గారు మింగలేక కక్కలేక టీ తాగాడు. "చూడు, నీ కాలు మామూలు కాలు కాదు. అందరికీ అలాంటి కాళ్ళు ఉండవు కదా. వాళ్ళు నీ ఒక్క కాలు చూసి మొత్తం పట్టీనే పనికిరాదంటే, ఇందరి కష్టం ఏమవుతుంది?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మీ పట్టీ ఆగకపోతే నా కాలిది తప్పా?"

"తప్పని ఎవరన్నారు? కాస్త పక్కనుండమంటున్నా, అంతే."

ఆఛింగ్ లేచి నిలబడింది. ఆమె కోపంలో గొంతు పెంచే మనిషి కాదు. ఇంకా తగ్గిస్తుంది.

"తావ్‌కే, ప్యాంటు నా సైజులో లేదన్నారు, కుట్టుకున్నాను. రేపు ఇదే రోడ్డు మీద లారీ నన్ను గుద్దితే, అంబులెన్సులో పట్టీ కూడా నా సైజులో లేదంటారా? ప్రాణం ఎక్కడ కుట్టుకోను?"

అని, మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం గోదాములోనే ఉండిపోయింది. తెర వెనక నిలబడి అంతా విన్న షాన్‌రూ, ఆ రోజు నుంచి మిగతా ఆరు కాళ్ళనూ పక్కన పెట్టేసి ఈ ఒక్క కాలి మీదే పడింది.

గుట్టు బయటపడింది మధ్యాహ్నం పూట, అదీ హోంగ్ నోటి నుంచి. భోజనాల వేళ భార్యకు బావాన్ తెచ్చి ఇస్తూ తెరలోకి తొంగి చూశాడు. షాన్‌రూ కడ్డీ తిప్పుతోంది. ఆఛింగ్ పైకప్పు చూస్తూ పడుకుని ఉంది.

"అదేంటి, సిలిండర్ ఎత్తుతున్నట్టు పెట్టావు మొహం?" అన్నాడు హోంగ్.

"నేనేం పెట్టలేదు. అవతలికి పో ముసలాడా."

"పెట్టావు. దవడ చూడు. అమ్మాయ్, ఈవిడ సిలిండర్ ఎత్తిందంటే నేను 'దించు' అనేదాకా ఊపిరి తీయదు. ఒకసారి చెప్పడం మర్చిపోయా, బండి చుట్టూ మోసుకు తిరిగింది."

షాన్‌రూ చేతులు ఆగిపోయాయి. మెల్లగా కడ్డీ వదలకుండానే రెండో చెయ్యి ఆఛింగ్ తొడ కిందికి పోనిచ్చింది. చెక్కలా ఉంది. కడ్డీ కొన రింగులో దూర్చి "అయింది" అంది. చేతి మీద ఆ తొడ చెక్కలా ఉన్నదల్లా కరిగినట్టు మెత్తబడింది. వెంటనే పాదం దగ్గర మిషన్ "షూ..." అంది.

"పిన్నీ, ఎందుకు బిగబడుతున్నావు?"

"నేనెక్కడ బిగబట్టాను?"

"ఇప్పుడే వదిలావు."

"నువ్వు అయిందన్నావుగా మరి," అంది ఆఛింగ్. అని, తన నోటి మాట తనకే వినబడి, కళ్ళు పెద్దవి చేసింది. తాడు బిగిసిందంటే తొడ బిగించు, ఈల వినబడేదాకా వదలకు. మాస్టారు పోయి ఎన్నేళ్ళయిందో. తొడ చుట్టూ నవారు బిగియగానే ఆ కాలు తనంతట తనే తాడు చివరికి వెళ్ళి నిలబడుతోంది. బిగిసి లావెక్కిన తొడకు సరిపోయేట్టు పట్టీ కడుతున్నారు. అయిందన్న మాట వినగానే తొడ సన్నబడుతోంది. అప్పుడు పట్టీకి పట్టు దొరకదు. కడ్డీ తప్పు లేదు, నవారు తప్పు లేదు, కుట్టు తప్పు అసలే లేదు.

షాన్‌రూ ఎగిరి గంతేసింది. హోంగ్‌ను రెండు చేతులతో పట్టుకుని ఊపేసింది. అతని చేతిలో బావాన్ గిన్నె నేల పాలైంది, ఎవరికీ పట్టలేదు. మిల్లులో మిషన్లన్నీ ఆగిపోయి ఆడవాళ్ళంతా తెర చుట్టూ మూగారు. "ఇంకోసారి కట్టు, ఇంకోసారి," అని గోల. ఆఛింగ్‌ను వదులుగా ఉండమన్నారు. ఎలా ఉంటుంది? నవారు తగలగానే కాలు రాయి అవుతోంది. చివరికి హోంగ్ ఆమె తల దగ్గర కూర్చుని పెళ్ళినాటి సిలిండర్ కథ మొదలుపెట్టాడు. ఆమె నవ్వింది. నవ్వేవాళ్ళు బిగబట్టలేరు. ఆ నవ్వులో షాన్‌రూ కడ్డీ తిప్పేసింది. మిషన్ నోరు మూసుకుంది. అందరూ కాచుకుని ఉన్నారు. అది మళ్ళీ తెరవలేదు.

కో గారు పరుగెత్తుకొచ్చాడు. "ఇంకేం. శుక్రవారం ఏడు కాళ్ళూ పెడదాం. హోంగ్‌ను తల దగ్గర కూర్చోబెడదాం. నవ్విస్తాడు, కట్టేస్తాం, అయిపోతుంది," అన్నాడు. ఆఛింగ్ నుదుటి చెమట తుడుచుకుంటూ, ఆనందం పట్టలేక పక్కనున్నామె వీపు మీద ఒకటి చరిచింది. ఆమె వీపు రెండు రోజులు నొప్పి పెట్టిందట.

షాన్‌రూ మాత్రం పట్టీ విప్పి చేతిలో పట్టుకుని కూర్చుంది. కాసేపటికి, "నాన్నా, లారీ కింద పడ్డవాడి తల దగ్గర హోంగ్ బాబాయ్ కూర్చుంటాడా?" అంది.

"అంటే?"

"నొప్పికి బిగబట్టని మనిషెవరు? పడగానే బిగబడతాడు. ఆ తర్వాత ఒంట్లో సత్తువ పోయి వదిలేస్తాడు. పిన్ని కాలు చేసేది కూడా అదే."

కో గారు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూతురిని చదివించినందుకు ఆ ఒక్క క్షణం ఆయన నిజంగా బాధపడ్డాడు.

పట్టీలో ఉన్న లోపం అప్పుడు కనిపించింది. కడ్డీ కొనను మూసి ఉన్న రింగులో దూర్చాలి. మళ్ళీ తిప్పాలంటే బయటికి లాగాలి. లాగితే ఒక చుట్టు వెనక్కి పోతుంది, అప్పటిదాకా ఆగిన రక్తం బుస్సుమంటుంది. రింగు పోవాలి. దాని స్థానంలో నోరు తెరిచి ఉండే కొక్కెం రావాలి. కడ్డీని పట్టు వదలకుండానే పైకెత్తి, ఇంకాస్త తిప్పి, మళ్ళీ అందులోనే పడుకోబెట్టేలా ఉండాలి. షాన్‌రూ అచ్చు పోయించింది. ఆఛింగ్ కొక్కేన్ని నవారుకు పట్టించి ఇంటూ మార్కు కుట్టు వేసింది. మొదటిది ఊడింది. రెండోది వంకర తిరిగింది. ఆ రెండు రోజులూ ఇద్దరూ అన్నం దగ్గర కూడా కొక్కెం గురించే పోట్లాడుకున్నారు. అంత ఉత్సాహంగా పోట్లాడుకునేవాళ్ళను హమెయ్‌లో ఎవరూ చూసి ఉండరు.

కొత్త పట్టీలు తయారయ్యేసరికి శుక్రవారం తెల్లారింది. ఆఛింగ్ కాలి మీద దాన్ని సరిగ్గా పరీక్షించే వ్యవధి కూడా లేదు. కో గారు గేటు దగ్గరే ఆమెను ఆపాడు.

"ఒక్క మాట. బిగబట్టకు. నవ్వుతూ పడుకో. మిగతాది తర్వాత చూసుకుందాం. నీకు దణ్ణం పెడతా."

"నవ్వొస్తే నవ్వుతాను తావ్‌కే," అంది ఆఛింగ్. అంతకు మించి మాట ఇవ్వలేదు.

శాఖ తరఫున ముగ్గురు వచ్చారు. పెద్దావిడ షెన్ మేడమ్. భారీ మనిషి, తక్కువ మాటలు. పక్కన సన్నగా నిటారుగా ఉన్న ఒక కుర్ర అధికారి. మూడోవాడు ల్యావ్, అంబులెన్సు మనిషి. పట్టీ కట్టవలసింది అతనే. ఇరవై ఏళ్ళుగా రోడ్ల మీద చితికినవాళ్ళను మోసి మోసి అతని ముఖం ఎప్పుడూ నిద్ర చాలని మనిషి ముఖంలా ఉంటుంది. ఆరు కాళ్ళూ వరసగా వచ్చాయి. ల్యావ్ చుట్టాడు, తిప్పాడు, కొక్కెంలో పడుకోబెట్టాడు. ఆరుసార్లు మిషన్ నోరు మూసుకుంది, ఆరుసార్లూ అలాగే ఉంది. మిల్లు ఆడవాళ్ళు తెర బయట ఒకరి చేతులొకరు పిసుక్కుంటున్నారు.

"అంతే మేడమ్, టీ తీసుకుందాం," అన్నాడు కో గారు తొందరగా.

"ఇంకొకటుంది," అంది ఆఛింగ్. ఎర్ర నిక్కరుతో వచ్చి బల్ల ఎక్కి పడుకుంది. హోంగ్ తల దగ్గరికి రాబోతే చేత్తో ఆపింది. "నువ్వు బయటుండు ముసలాడా. ఇవాళ కథలొద్దు."

ల్యావ్ పట్టీ చుట్టాడు. నవారు బిగియగానే ఆఛింగ్ తన కాలికి అడ్డు చెప్పలేదు. పైగా మనసు పెట్టి, ముందున్న ఏడుగురూ జారిపోయినట్టు, నేలలోకి దిగబడినట్టు బిగించింది. మెడ నరాలు తేలాయి. ల్యావ్ ఒకసారి ఆమె ముఖం చూశాడు. తిప్పాడు. ఇంకా తిప్పాడు. మిషన్ ఆగింది.

"అయింది," అన్నాడు కుర్ర అధికారి.

కాలు వదిలేసింది. పాదానికి మిషన్ ఆనించి కూర్చున్న షాన్‌రూ కళ్ళు మూసుకుంది. గోదామంతా వింటుండగా "షూ..." అని వచ్చింది.

"ఇది పోయింది," అన్నాడు కుర్ర అధికారి.

ల్యావ్ లేవలేదు. అతని చెయ్యి ఎవరూ చెప్పకుండానే కడ్డీ మీదికి వెళ్ళింది. కొక్కెంలోంచి ఎత్తి, పట్టు వదలకుండా ఇంకో సగం చుట్టు తిప్పి మళ్ళీ పడుకోబెట్టాడు. మిషన్ ఆగింది. అందరూ ఎదురుచూశారు. కో గారు మనసులో ఏ దేవతలకు మొక్కుకున్నాడో ఆయనకే తెలియాలి. మిషన్ నోరు తెరవలేదు.

"ఒకసారి కడితే ఆగాలి. రెండోసారి తిప్పడం లెక్కలోకి రాదు," అన్నాడు కుర్ర అధికారి.

"ఆ కాలు కాస్త విచిత్రమైనది సార్," కో గారు అందుకున్నాడు. "చిన్నప్పుడు తాడు లాగేది. దాన్ని వదిలేయండి. ఆరూ నిలబడ్డాయి కదా, ఆ ఆరూ తీసుకోండి."

పైకప్పు చూస్తున్న ఆఛింగ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికి కాదు. ఇంత చేసి కూడా తన కాలిని లెక్కలోంచి తీసేస్తున్నందుకు.

ల్యావ్ అప్పుడు నోరు విప్పాడు. కో గారితో కాదు, షెన్ మేడమ్‌తో. "మేడమ్, నేను మోసిన ప్రతి మనిషీ ఇలాగే బిగబడతాడు. ఇలాగే వదిలేస్తాడు. అంబులెన్సు ఎక్కించేసరికి కట్టిన పట్టీ కింద మళ్ళీ రక్తం. పాత పట్టీలతో నాకు రోజూ ఇదే తంటా. ఆ ఆరూ పరీక్షకొచ్చిన కాళ్ళు. ఈవిడదొక్కటే రోడ్డు మీద కాలు."

కుర్ర అధికారి మేడమ్ వైపు తిరిగాడు. బల్ల మీంచి ఆఛింగ్ గొంతు వినబడింది.

"మాటలు బాగానే ఉన్నాయి కానీ బాబూ, రోడ్డు మీద కాలు చచ్చిపోతోంది. విప్పుతారా?"

అందరూ ఒక్కసారి ఆమె మీదికి ఉరికారు. షాన్‌రూ విప్పింది, ఏడుస్తూ నవ్వుతూ ఆమె కాలు రుద్దింది. ఆఛింగ్ లేచి కూర్చుని, వేళ్ళు కదిలిస్తూ, మొదటిసారి షెన్ మేడమ్ వైపు తిన్నగా చూసింది. మేడమ్ అప్పటిదాకా ఆ కాలినే చూస్తోందని అప్పుడు తెలిసింది.

"తెర వేయండి. మగవాళ్ళు బయటికి వెళ్ళండి," అంది మేడమ్.

కో గారికి అర్థం కాలేదు. ల్యావ్ ఆయన భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. తెర పడ్డాక షెన్ మేడమ్ బూట్లు విప్పింది. యూనిఫాం ప్యాంటు తీసి మడిచి కుర్చీ మీద పెట్టింది. లోపల మోకాళ్ళదాకా వచ్చే నిక్కరుంది. బల్ల ఎక్కుతుంటే బల్ల కిర్రుమంది. ఆ తొడలు ఆఛింగ్ తొడలకు ఏ మాత్రం తీసిపోవు.

"నేనూ రోడ్ల మీద తిరిగేదాన్నే. కట్టు," అంది.

షాన్‌రూ పట్టీ అందుకోబోయింది. మేడమ్ తల అడ్డంగా ఊపి ఆఛింగ్ వైపు చూపించింది. ఆఛింగ్ చేతులు నిక్కరుకు తుడుచుకుని పట్టీ అందుకుంది. తను కుట్టిన పట్టీ ఇంకొకరికి కట్టడం అదే మొదలు. చుట్టి, లాగి, కడ్డీ పట్టుకుంది.

"బిగబట్టండి మేడమ్. ఎంత బలముంటే అంత. సిగ్గుపడకండి."

మేడమ్ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆఛింగ్ తిప్పింది. షాన్‌రూ పాదానికి ఆనించిన మిషన్ నోరు మూసుకుంది. ఆమె అయిందని అనలేదు. కడ్డీ మీద చెయ్యి అలాగే ఉంచి, మేడమ్ ఊపిరి వదిలేదాకా, ఇంకో సగం చుట్టు తిప్పడానికి కాచుకుని కూర్చుంది.